ఎడమచేతికి ఇచ్చిన తుపాకి

ఒక పెద్దమనిషికి నేను ఎడమచేత్తో తుపాకి అందించాను. పొరపాటున కాదు. చెయ్యి ఖాళీ లేక కాదు. నా కుడిచెయ్యి శుభ్రంగా, ఖాళీగా తొడ పక్కన వేలాడుతూనే ఉంది. తెలిసి, చూసి, ఆలోచించుకుని ఎడమచేత్తో ఇచ్చాను. దాని మీద మా మేనేజరు తిట్టిన తిట్లూ, నాతో గదిలో ఉండేవాళ్లు చెప్పిన బుద్ధులూ అన్నీ విన్నాను. ఒక్కటీ ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను.

తొంభైలలో నేను దోహాలో, ముషైరిబ్ పక్క సందుల్లో ఉన్న ఒక వేట సామాన్ల దుకాణంలో స్టోరు చూసేవాణ్ణి. ముందు గదిలో డేగల తలకు తొడిగే తోలు టోపీలు, గుడారాలు, నీళ్ల సంచులు, దుర్బీన్లు ఉండేవి. వెనక పొడుగాటి స్టోరు గది. అక్కడ ఇనుప బీరువాలో, లైసెన్సు కాగితం ఉన్నవాళ్లకు మాత్రమే తీసి చూపించే తుపాకులు. ఖతర్ నేల పళ్లెంలా చదును, అక్కడ వేటంటే ముందు డేగే. కానీ చలికాలం రాగానే కొందరు గుంపులుగా కొండలున్న దేశాలకు పోయి అడవి మేకల్ని వేటాడి వచ్చేవాళ్లు. తుపాకుల బేరం వాళ్లతోనే.

దుకాణంలో నన్ను కాంటా అని పిలిచేవాళ్లు. ఏ సరుకు వచ్చినా త్రాసు మీద పెట్టి చూసేదాకా నేను ఊరుకోనని ఆ పేరు. కంపెనీ వాళ్లు పుస్తకంలో అచ్చేసిన బరువు ఒకటుంటుంది, మా త్రాసు చూపించే బరువు ఇంకొకటుంటుంది. నేను మా త్రాసునే నమ్ముతాను. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. అయినా గుడారానికి ఎంత గుడ్డ పడుతుందో, లారీలో ఎన్ని పెట్టెలు పడతాయో కాగితం ముట్టకుండా చెప్పేవాణ్ణి.

ఆ లెక్క ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే తుపాకి కథకూ దానికీ మూలం ఒకటే. నేను పుట్టుకతో పుర్రచెయ్యివాణ్ణి. ఎడమచేతివాటానికి మా కరీంనగర్ వైపు మాట అది. బలపం ఎడమచేత్తో పట్టుకుంటే సారు వేళ్ల మీద కొట్టేవాడు. అన్నం ముందు కూర్చుంటే అమ్మ నా ఎడమచేతికి పాత గుడ్డ చుట్టి ముడి వేసేది. చివరికి కుడిచేత్తో రాయడం వచ్చింది. కానీ అది అరువు తెచ్చుకున్న చెయ్యిలాగానే ఉండేది. పక్కవాడు లెక్క పూర్తిచేసి పలక తుడిచేసేసరికి నేను ఇంకా అంకెలు దిద్దుకుంటూ ఉండేవాణ్ణి. అందుకని రాత మానేసి నోటితోనే లెక్క కట్టడం పట్టుకున్నాను. ఎవరూ నేర్పలేదు. ఒక చెయ్యి కట్టేస్తే నోరు లేచింది, అంతే.

ఇక ఆ పెద్దమనిషి. అందరూ ఆయన్ని హాజీ అనేవాళ్లు, నేనూ అంతే. అరవై దాటిన మనిషి, పొడుగు, సన్నం, నడకలో తొందర. వయసులో ఉండగా సరుకు పడవల మీద బొంబాయికి పోయి వచ్చినవాడు కాబట్టి బజారు ఉర్దూ దర్జాగా మాట్లాడేవాడు, మధ్యమధ్య అరబ్బీ కలిపి. ఆయన మాటల్ని ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను. ప్రతి చలికాలం ముందూ వచ్చి తూటాలు, సాక్సులు, టార్చి బ్యాటరీలు కొనుక్కుని పోయేవాడు. బేరం ఆడేవాడు కాదు కానీ, ప్రతి వస్తువునూ చేత్తో ఎత్తి చూసి, నా వైపు తిరిగి, ఇది ఎంత బరువు అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. మా ఇద్దరికీ ఉన్న పరిచయం అదే.

ఆ ఏడు వేసవిలో ఆయన కుడికన్ను పోయింది. కంటి వెనక పొర ఊడిందట. విదేశానికి తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు, వెలుగూ నీడా తెలిసేంత వరకే మిగిలింది. ఆయన కొడుకు సర్కారు ఆఫీసులో పనిచేసే, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ చలికాలం కొండలకు పోయే గుంపుకు, ఈసారి మా నాయన రాడు అని చెప్పేశాడు. ఆ సంగతి తండ్రికి చెప్పలేదు. గుడారంలో తన చోటు ఇంకొకరికి ఇచ్చేశారని హాజీకి బయటివాళ్ల ద్వారా తెలిసింది.

ఆ మర్నాడే దుకాణానికి వచ్చాడు. వెనకాలే కొడుకు. ఇద్దరి మొహాలూ చూస్తే దారంతా మాట్లాడుకోలేదని తెలుస్తోంది. మా మేనేజరు హైదరాబాద్ పాతబస్తీ మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద, నా మీద అధికారమూ ప్రేమా రెండూ ఉన్నవాడు. కుర్చీ వేసి, కన్ను ఎలా ఉందని అడిగాడు.

"కుడికన్ను ఖలాస్," అన్నాడు హాజీ. "ఎడమకన్ను ఉంది. ఎడమ భుజం ఉంది. వాటికి సరిపోయే తుపాకి చూపించు. తేలికది. కొండ ఎక్కాలి."

ఇక్కడ చిన్న విషయం చెప్పాలి. పొడుగు తుపాకిని ఏ కంటితో గురి చూస్తే ఆ భుజానికే ఆనించాలి. కుడికన్ను లేనివాడు ఎడమ భుజానికి ఎత్తుకోక తప్పదు. పైగా ఈ వేట తుపాకులకు గడియ ఉంటుంది, తలుపు గడియ లాంటిదే. ఒక తూటా పేలాక దాని పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోస్తేనే రెండో తూటా లోపలికి పోతుంది. ఆ పిడి దాదాపు అన్ని తుపాకులకూ కుడిపక్కనే. ఎందుకంటే లోకం కుడిచేతివాళ్లది. ఎడమ భుజానికి ఎత్తుకున్నవాడు ఆ పిడి కోసం ముందు చేతినైనా వదలాలి, లేదా ఎడమచేతిని తుపాకి మీదుగా అవతలికి చాపాలి. ఈలోగా మేక కొండ దాటిపోతుంది.

మేనేజరు బీరువాలోంచి మా దగ్గరున్న వాటిల్లో అతి తేలికైనది తీశాడు. సన్నటి గొట్టం, భుజానికి ఆనించే దస్తా నల్లటి ప్లాస్టిక్‌ది. దాన్ని మేం సన్నది అనేవాళ్లం. రెండున్నర కిలోలకు కాస్త పైన, అది నా త్రాసు మాట. గడియ కుడిపక్కనే.

బీరువాలో ఇంకొకటి కూడా ఉంది. ఎప్పుడో సరుకు రాయించేటప్పుడు నంబరు తప్పుపడి వచ్చిన తుపాకి. గడియ ఎడమపక్కన. అక్రోటు చెక్క దస్తా, చూడముచ్చటగా ఉండేది. అదీ తేలికదే కానీ సన్నదాని కన్నా మూడువందల యాభై గ్రాములు ఎక్కువ. వచ్చి రెండేళ్లయినా ఒక్కరూ కొనలేదు. దాన్ని పుర్రది అని పిలిచేవాడు మేనేజరు, నా వైపు చూసి నవ్వుతూ. "నీ మరదలు లెక్క ఉన్నది కాంటా, నువ్వే చేస్కో" అనేవాడు.

దాన్ని కూడా చూపిద్దామని నేను బీరువా వైపు కదిలితే ఆయన తెలుగులో గొంతు తగ్గించి ఆపాడు. పెద్దమనిషికి ఎడమచేతి సామాను చూపిస్తే అవమానించినట్టు ఉంటుందని ఆయన భయం. నేను తీసి బల్ల మీద పెట్టాను. కన్ను పోయిందని ఆయనే అంటుంటే మనకెందుకు మొహమాటం?

హాజీ రెండింటినీ చూశాడు. ఎడమ గడియ మీద వేలు పెట్టి, తీసి, నా వైపు తిరిగాడు. "కాంటా, నీ లెక్క ఏమంటుంది?"

రెండు రోజులు టైం ఇమ్మన్నాను. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే, కాబట్టి డబ్బు గొడవ లేదు. ఖాళీ తుపాకిని తూచాను. దుర్బీను బిగించి, తోలు పట్టీ వేసి, తూటాలతో కూడా తూచాను. చేతిలో పట్టుకున్నప్పుడు బరువు ముందుకు లాగుతుందా వెనక్కి లాగుతుందా అని గొట్టం కింద పెన్సిల్ పెట్టి నిలబెట్టి చూశాను. తేలిక తుపాకికి తన్ను ఎక్కువ. ఒకే తూటా రెండింటిలో పేలిస్తే సన్నది భుజాన్ని ఇంకాస్త గట్టిగా గుద్దుతుంది. అది కూడా లెక్కలో వేశాను. కానీ కొండ మీద రోజంతా మోసేది తుపాకిని, తన్నుని కాదు. తన్ను రోజుకు ఒకటో రెండో. బరువు అడుగడుక్కీ. గడియ ఏ పక్కనుందో త్రాసుకు ఎక్కదు, అది వదిలేసి అన్నీ కలిపి చూస్తే లెక్క సన్నదాని వైపే కాస్త మొగ్గింది. అదే చెప్పాను.

ఆ లెక్కలో తప్పు లేదు. ఇప్పుడు మళ్లీ కట్టినా అదే వస్తుంది. నన్ను అడిగిన ప్రశ్న వేరు, జరగవలసిన పని వేరు, అంతే.

ఇంతలో కొడుకు ఒక షరతు పెట్టాడు. వచ్చే గురువారం సాయంత్రం ఈ దుకాణంలోనే, తన ఎదురుగా, నాయన తుపాకి అందుకుని, భుజానికెత్తి, గురి పెట్టి, గడియ లాగి, మళ్లీ గురి పెట్టి చూపించాలి. చూపిస్తే తనే గుంపుకు ఫోన్ చేసి చోటు తిరిగి ఇప్పిస్తాడు. లేకపోతే ఇక వేట మాట ఎత్తకూడదు. చెడ్డవాడు కాదు ఆ కొడుకు. ఒంటికన్ను తండ్రి రాళ్లల్లో పడితే ఎవరు చూస్తారని అతని బాధ. కానీ చోటు తీసేశాక అడగడం ఏం పద్ధతి? హాజీ ఒక్క మాటే అన్నాడు, సరే అని. వెళ్లేముందు నాతో మాత్రం ఇంకో మాట అన్నాడు. "తుపాకి ఎత్తలేనివాణ్ణి వంటవాళ్ల గుడారం దగ్గర కూర్చోబెడతారు. వాళ్లతో పాటు నేనూ ఉల్లిపాయలు కోస్తానా?"

ఖాళీ తుపాకితో గురి కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? దానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. స్టోరు గది పొడుగ్గా ఉంటుంది. చివరి గోడకు అరచేతంత తెల్ల కాగితం అంటించి, తుపాకి గొట్టం కింద చిన్న పెన్ టార్చిని రబ్బరు బ్యాండ్లతో బిగించి, లైట్లు ఆపేసేవాణ్ణి. తుపాకి ఎటు చూస్తే వెలుగు చుక్క అటు పడుతుంది. చెయ్యి వణికితే చుక్క వణుకుతుంది. అబద్ధం ఆడే వీల్లేదు, నాకూ ఆయనకూ.

హాజీ మూడు సాయంత్రాలు వచ్చాడు. ముందు సన్నదానితో. ముందు కుడి భుజానికి పోయిన దాన్ని చేతులు మార్చి ఎడమ భుజానికి ఎత్తి గురిపెడితే చుక్క కాగితం మీదకు చక్కగా వచ్చేది. గడియ కోసం చెయ్యి కదిలించగానే చుక్క పైకప్పుకు ఎగిరేది, లేదా నేల మీద గుడారాల కట్టల మీద పడేది. మళ్లీ తెచ్చేసరికి ఆయన ఊపిరి గట్టిగా వినిపించేది. మేనేజరు చీకట్లో మాషా అల్లా, మాషా అల్లా అని మెచ్చుకుంటూ ఉండేవాడు. రెండోసారి అన్నప్పుడు హాజీ, "దేన్ని చూసి అంటున్నావు, పైకప్పునా?" అని అడిగాడు.

తర్వాత పుర్రదానితో. ఇదైనా కుదురుతుందనుకున్నాను. ఇంకా అధ్వాన్నం. మేం ఇవ్వగానే ఇదీ ఆయన కుడి భుజానికే పోయేది. నలభై ఏళ్ల అలవాటు. చెంప ఆనించాక కుడికన్నులో చీకటి. అప్పుడు గుర్తొచ్చి చేతులు మార్చుకునేవాడు. ఆ మార్పిడిలో గడియ ఎటు ఉందో వేళ్లు వెతుక్కునేవి, చుక్క గోడంతా తిరిగేది. ఎడమ భుజానికి హాజీ, అని మేనేజరు అనేవాడు. తెలుసు అని ఆయన అనేవాడు. మళ్లీ ఇస్తే మళ్లీ కుడి భుజానికే. మూడో సాయంత్రం తుపాకిని బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుండిపోయాడు. అప్పటిదాకా నేను ఆయన్ని ముసలివాడని అనుకోలేదు.

మేనేజరు ఖావా, అంటే అరబ్బుల కాఫీ, తెచ్చాడు. అరబ్బుల ఖావాకు ఒక మర్యాద ఉంది. పోసేవాడు కూజాను ఎడమచేత్తో పట్టుకుని, చిన్న గిన్నెను కుడిచేత్తో అందిస్తాడు. తాగేవాడు కుడిచేత్తోనే పుచ్చుకుంటాడు. ఎన్నో వందలసార్లు చూసిన సంగతే. హాజీ మనసాగక పుర్రదాన్ని మళ్లీ తీసి ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. కుడిచేత్తో గిన్నె అందుకున్నాడు. కాలు కదిపేసరికి తుపాకి మోకాళ్ల మీద నుంచి జారింది. కుడిచేతిలో వేడి ఖావా. ఎడమచెయ్యి తనంతట తానే పోయి తుపాకి మెడ దగ్గర, దస్తా సన్నబడే చోట, పట్టుకుంది. పట్టుకుని లేపేసరికి దస్తా చివర ఆయన ఎడమ చంకలోకి, అక్కడే పుట్టినట్టు వచ్చి కూర్చుంది. బొటనవేలు గడియ పక్కనే ఉంది. ఒక్క క్షణం. తర్వాత మేనేజరు అయ్యో అంటూ వంగి, తుపాకిని తన చేతుల్లోకి తీసుకుని, గిన్నె ఖాళీ అయ్యాక మళ్లీ ఇచ్చాడు. కుడిచేత్తో, ఆయన కుడిచేతికి.

అప్పుడు కనపడింది నాకు. మూడు రోజులుగా ఆ తుపాకిని మేం మర్యాదగా ఇస్తున్నాం. నేనూ, మేనేజరూ ప్రతిసారీ కుడిచేత్తోనే ఇచ్చాం. ఎదుటివాడు కుడిచెయ్యి చాపితే మన కుడిచెయ్యే లేస్తుంది. మా ఊళ్లోనూ అంతే, ఆయన ఊళ్లోనూ అంతే. చిన్నప్పటి నుంచి దెబ్బలు తిని నేర్చుకున్నాం కదా. తుపాకి మెడ కుడిచేతిలో పడిందంటే ఇక అది పోయేది కుడి భుజానికే. పుర్రదాన్ని చెడగొట్టింది మా మర్యాదే. ఈ తప్పు ఏ తెల్లవాడి దుకాణంలోనూ జరిగి ఉండదు.

ఆయన వెళ్లాక మేనేజరుకు చెప్పాను. గురువారం నాడు పుర్రదాన్ని ఎడమచేత్తో ఇవ్వాలి అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు, నేను గుడిలోకి చెప్పులతో పోతానన్నట్టు ఉంది.

"ఏం మాట్లాడుతున్నవ్ కాంటా? కొడుకు ముంగట, అంత పెద్దమనిషికి పుర్రచేత్తోని ఇస్తవా? నీ చెయ్యి సంగతి వేరే, ఆయన ఇజ్జత్ సంగతి వేరే."

"కుడిచేత్తోని ఇస్తె ఆయనకు ఇజ్జతే మిగలది భాయ్," అన్నాను.

"నోటితోని చెప్పు. ఎడమచేత్తో తీస్కోండ్రి హాజీ అని అదబ్‌తోని, మర్యాదగ చెప్పు."

చెప్పి చూద్దామని ఒప్పుకున్నాను. మర్నాడు ఎటో పోతూ దుకాణం దగ్గర ఆగిన హాజీతో చెప్పాను కూడా. అర్థమైందన్నాడు. నేను కుడిచేత్తో ఇచ్చాను, ఆయన కుడిచెయ్యే లేచింది. ఇద్దరం ఆ చెయ్యి వైపు చూశాం. మాటను చెవి విన్నది, చేతికి చెవుల్లేవు. ఇంకోసారి చేద్దామా అన్నాను. ఇంటి నుంచి వచ్చిన కారు బయట హారన్ కొడుతోంది. రేపు చూద్దాం అని వెళ్లిపోయాడు. రేపంటే గురువారమే.

ఆ సాయంత్రం మేం ఉండే గదిలో, అన్నాల దగ్గర, ఈ సంగతి చెప్తే నలుగురూ మేనేజరు పక్షమే. నీకు కడుపుల ఉన్న కోపం ఆ ముసలాయన మీద తీర్చుకుంటున్నవ్ అన్నాడొకడు. సారు కొట్టినందుకు హాజీకి శిక్షా అని నవ్వాడు ఇంకొకడు. నిజంగానే కోపం ఉందేమోనని నేనూ ఆలోచించాను. ఉంది. ఉంటే ఏం? కోపం ఉన్నంత మాత్రాన చూసింది అబద్ధం కాదు.

గురువారం సాయంత్రం తండ్రీ కొడుకులు వచ్చారు. హాజీ కొత్త బట్టలు వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు, పెళ్లికి వచ్చినట్టు. కొడుకు స్టోరు గదిలో గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు సన్నదాన్ని, పుర్రదాన్ని బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెండూ ఖాళీ అని నేను గడియలు తీసి అందరికీ చూపించాను. టార్చి బిగించాను.

ముందు సన్నది. అది మేనేజరు ఇచ్చాడు. ఎప్పట్లాగే మొదటి గురి చక్కగా, గడియ దగ్గర చుక్క పైకప్పుకు. కొడుకు కట్టుకున్న చేతులు విప్పాడు. ఇక చాలు నాన్నా, ఇంటికి పోదాం అన్నట్టు ఒక అడుగు ముందుకు వేశాడు.

నేను పుర్రదాన్ని తీసుకున్నాను. దస్తా మెడ ఆయన వైపు ఉండేలా, గొట్టం కింద నా ఎడమచెయ్యి పెట్టి, ఆ చేతినే చాపాను. కుడిచేతిని కావాలనే తుపాకికి దూరంగా, అందరికీ కనపడేలా తొడ పక్కకు వదిలేశాను. సాయానికి కూడా పెట్టలేదు. పెడితే మర్యాద అనుకుని ఆయన కుడిచెయ్యి లేస్తుంది.

మేనేజరు నోట్లోంచి తౌబా అని వచ్చింది. కొడుకు అరబ్బీలో నన్ను ఏదో అన్నాడు. మంచి మాట కాదు, ఆ భాష అంతో ఇంతో నాకూ వచ్చు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. హాజీ నా చెయ్యి వైపు చూశాడు. తర్వాత నా మొహం వైపు, ఆ ఒక్క కంటితో. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. దవడ బిగిసింది. ఆయన తన జీవితంలో నాలాంటి పనివాడి ఎడమచేతి నుంచి ఏదీ పుచ్చుకుని ఉండడు. తుపాకి బరువుకు నా మణికట్టు లాగుతోంది. మూడువందల యాభై గ్రాములు ఎక్కువ ఉన్న సంగతి అప్పుడు మణికట్టుకే తెలిసింది.

"ఇదేనా నీ లెక్క?" అన్నాడు.

"లెక్క సన్నదే అన్నది హాజీ. ఇది లెక్క కాదు. మీ ఎడమచేతికి ఇస్తున్నాను."

ఆయన ఎడమచెయ్యి లేచింది. మెడ దగ్గర పట్టుకుంది. దస్తా నేరుగా ఎడమ భుజానికి పోయింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. నేను లైటు ఆపాను. చుక్క గోడ మీద ఒకసారి ఊగి కాగితం మీదకు వచ్చి నిలబడింది. టక్కుమని ఖాళీ శబ్దం. గడియ ఎత్తిన చప్పుడు, లాగిన చప్పుడు, తోసిన చప్పుడు. చుక్క కాగితం అంచుకు జారింది, కాగితం దాటలేదు, మళ్లీ మధ్యకు వచ్చింది. టక్. ఇంకోసారి గడియ. ఇంకోసారి టక్. ఆపమని ఎవరూ అనలేదు, ఆయనా ఆపలేదు.

లైటు వేశాక కొడుకు దగ్గరికి వచ్చి తుపాకిని ఒక చేత్తో ఎత్తి చూశాడు. తర్వాత, ఇది బరువు ఎక్కువ కదా, కొండ మీద ఎలా మోస్తావు అని అడిగాడు.

"మోసేది నేను," అన్నాడు హాజీ.

అక్కడ నౌకర్లు తుపాకి అందిస్తారు కదా, వాళ్లు కుడిచేత్తోనే ఇస్తారు కదా అన్నాడు కొడుకు. తెలివైన ప్రశ్నే. అతను మా అందరికన్నా ముందు చూశాడు. గుంపులో పదిమంది ముందు, నాకు ఎడమచేతికి ఇవ్వండి అని ఆయన నోరు తెరిచి అడగాలి. కొండ కన్నా అదే ఎత్తు.

"అడుగుతాను," అన్నాడు హాజీ. "నవ్వేవాణ్ణి నవ్వనీ. ఉల్లిపాయలు వాడు కోస్తాడు."

కొడుకు నవ్వలేదు కానీ మొహం సడలింది. దుకాణం ఫోన్ నుంచే గుంపు పెద్దకు ఫోన్ చేశాడు. నాకు అర్థమైనంత వరకు అతను అన్నది ఇది: చోటు ఆయనదే, వేరేవాళ్లకు ఇచ్చింది వెనక్కి తీసుకోండి.

వెళ్లేటప్పుడు హాజీ నాకు షుక్రన్ చెప్పలేదు. మేనేజరుకు చెప్పాడు. లైసెన్సు కాగితాల పని త్వరగా చూడమన్నాడు. నాకు అదేం లోటు అనిపించలేదు. కోపం తెప్పించినవాడికి అక్కడికక్కడే థాంక్స్ చెప్పాలని రూలేం లేదు.

వాళ్లు పోయాక మేనేజరు షట్టరు సగం దించి నా మీద పడ్డాడు. పని అయింది కాబట్టి సరిపోయింది, కాకపోయి ఉంటే మనిద్దరి వీసాలు ఖతం అన్నాడు. కాగితాలు తీసుకోవడానికి హాజీ వచ్చినప్పుడు మాఫీ అడగాలన్నాడు.

"దేనికి అడగాలె భాయ్?"

"పుర్రచేత్తో ఇచ్చినందుకు."

"ఆయన తీస్కున్నడు గద. తీస్కున్నదానికి మాఫీ ఎందుకు?"

"నీకు మొండితనం తప్ప ఏం రాదుర కాంటా," అన్నాడు. అని, చాయ్ తెచ్చి ఇచ్చాడు. కుడిచేత్తోనే ఇచ్చాడు, నేనూ కుడిచేత్తోనే అందుకున్నాను. తిండికీ నీళ్లకూ నాకు ఆ చేత్తో పేచీ లేదు. అమ్మ నేర్పింది, ఉండనీ. పని చేసే చోట మాత్రం ఏ చెయ్యి వస్తే ఆ చెయ్యి. ఆ మర్నాటి నుంచి సరుకు పెట్టెల మీద నంబర్లు నేను ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టాను. నలభై దాటాక, సారు కొట్టిన ఆ వేళ్లతోనే. మొదట్లో కోడి గీకినట్టు వచ్చేవి. మేనేజరు చూసి, ఇవి అరబ్బీ అంకెలా, తెలుగు అంకెలా అని అడిగేవాడు. నావి అనేవాణ్ణి.

చలికాలం అయిపోవస్తుండగా హాజీ వచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు, ముక్కు మీద తోలు ఊడింది. ఒక మోకాలికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు. మేనేజరు కుర్చీ వేసి, ఎన్ని కొట్టారు హాజీ అని ఉత్సాహంగా అడిగాడు.

ఒక్కటీ లేదట. మొదటి రోజు ఒక మేక కనిపించింది, తుపాకి ఎడమచేతికే వచ్చింది, గురీ కుదిరింది, తూటా మాత్రం రాయికి తగిలింది. రెండోది కూడా రాయికే. గుంపులోవాళ్లు నవ్వారు. తుపాకి అందించే నౌకరు ఒకడు మాత్రం మొదటిరోజు ఎడమచేత్తో ఇవ్వనని మొండికేశాడట. చివరికి ఎలా ఇచ్చాడు అని నేను అడిగాను.

"కళ్లు మూసుకుని ఇచ్చాడు," అన్నాడు హాజీ. "మూడో రోజుకు కళ్లు తెరిచాడు."

మేనేజరు పాపం ఓదార్చబోయాడు. వయసు మీద పడ్డాక వేటంటే ఊరికే గాలి మార్పు కోసమే కదా హాజీ అన్నాడు. ఆయన ఆ మాట వినిపించుకోలేదు. నా వైపు తిరిగి, వచ్చే చలికాలానికి తూటాలు ఇప్పుడే పక్కన పెట్టమన్నాడు. బరువును బట్టి రెండు రకాలున్నాయి, ఏది అని అడిగాను. రెండూ చూపించమన్నాడు. డబ్బాల్లోంచి ఒక్కొక్కటి తీసి అరచేతిలో పెట్టుకుని చాపాను. ఏ చేతిలో అని ఇప్పుడు చెప్పక్కర్లేదు. ఆయన రెండింటినీ తన ఎడమ అరచేతిలో వేసుకుని, పైకీ కిందికీ ఊపి చూశాడు.

"ఇది ఎంత బరువు?" అన్నాడు.